టై కథా కమామీషు

మన ఊళ్ళలో అంబేద్కర్ విగ్రహం లేని పేట అరుదు. నీలం కోటు, తెల్ల చొక్కా, మెడలో టై, ఒక చేతిలో రాజ్యాంగం, రెండో చెయ్యి ముందుకు చాచి ఉంటుంది. ఏప్రిల్ 14 దగ్గర పడగానే విగ్రహానికి రంగులు వేసే పెయింటర్, ఆ టై ముడి దగ్గర సన్న కుంచె తీసుకుని ఎంతో శ్రద్ధగా గీత దిద్దుతాడు. చిన్నప్పటి నుంచి మనలో చాలామందిమి దగ్గరగా చూసిన టై అదొక్కటే. అయితే ఆ గుడ్డ ముక్క ఎక్కడ పుట్టింది, ఎవరు ముందు కట్టారు, దాని ముడి ఎలా పడుతుంది అంటే మాత్రం చెప్పలేం. పాఠ్యపుస్తకాల్లో లేదు. పోటీ పరీక్షల బిట్లలో రాదు. తీరా క్యాంపస్ ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి అందరికీ ఒకేసారి అవసరం పడుతుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు మేము ఈ విషయం ఎంచుకున్నాం. తమ్ముళ్ళు కొంచెం ఓపిగ్గా చదవాలి. చివర్లో ముడి వేసే పద్ధతి కూడా ఉంది.

సిపాయి మెడ నుంచి రాజు మెడకు

మెడకు గుడ్డ చుట్టుకోవడం చాలా పాత అలవాటు. 1974లో చైనాలోని షియాన్ నగరం దగ్గర రైతులు బావి తవ్వుతుంటే మట్టితో చేసి కాల్చిన సైనికుల బొమ్మలు బయటపడ్డాయి. క్రీ.పూ. 210లో చనిపోయిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా వేల సంఖ్యలో నిలబెట్టిన బొమ్మలవి. వాటిలో చాలా వాటికి మెడ చుట్టూ గుడ్డ కనిపిస్తుంది. రోమ్ నగరంలో క్రీ.శ. 113లో ట్రాజన్ చక్రవర్తి విజయాలకు గుర్తుగా ఎత్తిన స్తంభం మీద చెక్కిన సైనికుల్లో కూడా అలాంటి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చలికి, చెమటకు, కవచం అంచు మెడకు ఒరుసుకోకుండా ఉండటానికి అవి పనికొచ్చేవి. ఎండలో పనిచేసేటప్పుడు మన నాన్నలు మెడకు తువ్వాలు చుట్టుకోవడం లాంటిదే అది. అయితే ఈనాటి టైకి, వాటికి నేరుగా చుట్టరికం కలపలేం. మధ్యలో వందల ఏళ్ళ ఖాళీ ఉంది.

ఈనాటి టైకి అసలు తాత క్రొయేషియా సిపాయి. 1618 నుంచి 1648 వరకు యూరప్‌లో ముప్పై ఏళ్ళ యుద్ధం జరిగింది. ఫ్రాన్సు రాజు జీతమిచ్చి పెట్టుకున్న పరాయి దేశపు గుర్రపు దళాల్లో క్రొయేషియా వాళ్ళు ఉండేవారు. వాళ్ళు మెడకు ఒక గుడ్డ చుట్టి, ముందు ముడి వేసి, కొసలు కిందికి వదిలేసేవారు. మామూలు సిపాయిది ముతక గుడ్డ, అధికారిది సన్నబట్ట. పారిస్ వాళ్ళకు ఇది కొత్తగా కనిపించింది. క్రొయేషియా వాడిని ఫ్రెంచివాళ్ళు పిలిచే మాటే మారి 'క్రవాత్' అయి, ఆ గుడ్డకు పేరైందని ఎక్కువమంది పండితులు ఒప్పుకున్న అభిప్రాయం. ఫ్రెంచి భాషలో ఇప్పటికీ టైని క్రవాత్ అనే అంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పట్లో ఫ్రెంచి ప్రభువులు లేసు అల్లిన పెద్ద పెద్ద కాలర్లు వేసుకునేవారు. వాటిని ఉతకాలి, గంజి పెట్టాలి, ఇస్త్రీ చేసి నిలబెట్టాలి. ఇంట్లో నౌకర్లు ఉన్నవాడికే ఆ సోకు. యుద్ధంలో గుర్రం మీద ఉన్నవాడికి అది అడ్డం. సిపాయి ముడి అయితే నిమిషం పని. సులువుగా ఉంది కనుకనే అది గెలిచింది. అయితే గొప్పవాళ్ళ చేతికి వెళ్ళాక ఆ సులువు పోయింది. పద్నాలుగవ లూయీ కాలానికి (ఆయన 1643 నుంచి 1715 వరకు రాజు) క్రవాత్‌కు ఖరీదైన లేసు కొసలు వచ్చాయి, రిబ్బన్లు వచ్చాయి. రాజుగారి క్రవాత్‌లు చూసుకోవడానికి కొలువులో ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆయన సైన్యంలో 'రాయల్ క్రవాత్' పేరుతో ఒక దళమే ఉండేది. 1660లో రెండవ ఛార్లెస్ ప్రవాసం నుంచి తిరిగి వచ్చి ఇంగ్లండ్ గద్దె ఎక్కినప్పుడు ఈ మోజు కూడా సముద్రం దాటింది.

మళ్ళీ ఒకసారి యుద్ధమే దాన్ని సులువు చేసిందంటారు. 1692 ఆగస్టులో, ఇప్పటి బెల్జియంలో ఉన్న స్టీన్‌కెర్క్ దగ్గర శత్రువులు ఉన్నట్టుండి మీద పడేసరికి ఫ్రెంచి అధికారులకు క్రవాత్ ముస్తాబు చేసుకునే తీరిక లేకపోయిందట. గుడ్డను నాలుగు మెలికలు తిప్పి, కొసను కోటు గుండీ రంధ్రంలో దోపుకుని పరుగెత్తారట. వాళ్ళు గెలిచారు. దానితో ఆ కంగారు ముడే పారిస్‌లో ఫ్యాషన్ అయి, 'స్టీన్‌కెర్క్' పేరుతో ఆడవాళ్ళు కూడా కట్టుకున్నారు. తొందరలో పడ్డ ముడిని తీరిగ్గా అద్దం ముందు అనుకరించడం మాకు నవ్వు తెప్పించింది.

క్రొయేషియా వాళ్ళు మాత్రం తమ పేరు మరచిపోలేదు. 2003 అక్టోబర్ 18న పులా పట్టణంలోని రోమన్ల నాటి పెద్ద ఆటస్థలం చుట్టూ 808 మీటర్ల ఎర్రటి టై కట్టారు. 2008లో వాళ్ళ పార్లమెంటు ఆ తేదీని క్రవాత్ దినంగా ప్రకటించింది.

గంజి, గుమాస్తా

పద్దెనిమిదో శతాబ్దంలో కొంతకాలం 'స్టాక్' అనేది నడిచింది. మెడ చుట్టూ బిగుతైన పట్టీ, వెనక కొక్కెం. సైనికులకైతే తోలు పట్టీ. తల దించడానికి వీలుండదు. అమెరికా మెరైన్ సైనికులకు 'లెదర్‌నెక్' అన్న పేరు ఆ తోలుపట్టీ వల్లనే వచ్చింది.

తరువాత బ్రమ్మెల్ వచ్చాడు. 1778లో పుట్టిన జార్జ్ బ్రమ్మెల్ జమీందారు కొడుకు కాదు. తండ్రి ప్రధానమంత్రి లార్డ్ నార్త్ దగ్గర కార్యదర్శి. అయినా లండన్ పెద్దమనుషులంతా ఏం వేసుకోవాలో ఇతన్ని చూసి నేర్చుకున్నారు. లేసులు, రంగులు, పౌడరు పక్కన పడేసి శుభ్రమైన తెల్లబట్టకు కొంచెం గంజి పెట్టి మెడకు కట్టడం అతని పద్ధతి. ఒకరోజు అతని నౌకరు చేతి నిండా నలిగిన గుడ్డలతో మెట్లు దిగుతుంటే ఏమిటివని అడిగారట. అవి కుదరని ముడులు అని చెప్పాడట. కుదిరేదాకా కొత్త గుడ్డ తీసుకోవడమే కానీ నలిగినదాన్ని మళ్ళీ కట్టడం లేదన్నమాట. ఆ చాకిరీ ఎవరు చేశారో కథలో ఉండదు. పొద్దున పొద్దునే అన్ని గుడ్డలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన వాళ్ళ పేర్లు చరిత్రలో లేవు. బ్రమ్మెల్ చివరికి అప్పుల పాలై 1816లో ఫ్రాన్సుకు పారిపోయి, 1840లో కాన్ పట్టణంలో మతి చెడి చనిపోయాడు.

ఆ రోజుల్లో ముడి నేర్పే పుస్తకాలే అచ్చయ్యాయి. 1818లో లండన్‌లో ఎగతాళిగా వచ్చిన ఒక చిన్న పుస్తకంలో పద్నాలుగు ముడుల బొమ్మలున్నాయి. 1828లో వచ్చిన మరో పుస్తకం పదహారు పాఠాల్లో క్రవాత్ కట్టడం నేర్పుతుంది. ఇన్ని పాఠాలు కావాలంటే అది బట్టలు వేసుకోవడం కాదు, లోపలివాడెవడు, బయటివాడెవడు అని తేల్చే పరీక్ష.

దీన్ని మార్చింది ఆఫీసు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు ఇంగ్లండ్‌లో కర్మాగారాలు, రైళ్ళు, బ్యాంకులు పెరిగి గుమాస్తాల తరగతి పుట్టింది. పొద్దున్నే రైలు అందుకోవాల్సిన గుమాస్తాకు అరగంట ముడి కుదరదు. సాయంత్రం దాకా ఊడిపోకుండా, రాసేటప్పుడు అడ్డం రాకుండా ఉండాలి. అలా పొడవుగా, సన్నగా ఉండే నేటి టై, దానితోపాటు 'ఫోర్ ఇన్ హ్యాండ్' అనే సులువైన ముడి స్థిరపడ్డాయి. నాలుగు గుర్రాల బండి తోలేవాళ్ళ నుంచి ఆ పేరు వచ్చిందని ఒక కథ, అదే పేరున్న లండన్ క్లబ్బు నుంచి వచ్చిందని ఇంకో కథ. రెండింటిలోనూ బండి పగ్గాలున్నాయి.

గీతల టై సంగతి వేరు. 1880లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీ పడవ పందేల జట్టు తమ టోపీలకున్న రంగుల పట్టీలు ఊడదీసి మెడకు కట్టుకున్నారు. తరువాత అదే రంగుల్లో టైలు చేయించుకున్నారు. ఆ తరువాత ప్రతి బడికి, క్లబ్బుకు, సైనిక దళానికి ఒక్కో గీతల వరస. ఆ దేశంలో టై చూసి ఫలానా బడిలో చదివాడని చెప్పేయవచ్చు. చదవనివాడు ఆ గీతలు కడితే తప్పుగా చూస్తారు. మన దగ్గర ఇంటిపేరు, ఊళ్ళో ఏ వైపు ఇల్లు అని అడిగి రాబట్టే సమాచారాన్ని అక్కడ ఒక గుడ్డ ముక్కతో రాబట్టారు. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ గీతల వాలు దిశను తిప్పేసి అమ్మింది. ఇంగ్లండ్ గీత కట్టుకున్నవాడి ఎడమ భుజం నుంచి కిందికి దిగితే, అమెరికా గీత కుడి భుజం నుంచి దిగుతుంది. ఏ దళానికీ చెందని గీత కాబట్టి డబ్బు పెట్టి కొన్న ఎవరైనా కట్టుకోవచ్చు.

చివరి మార్పు దర్జీ చేసింది. న్యూయార్క్‌కు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ 1920లలో బట్టను నిలువుగా కాక 45 డిగ్రీల వాలులో కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. ఏటవాలుగా కత్తిరించిన బట్టకు కొంచెం సాగే గుణం వస్తుంది. ముడి వేస్తే మెలి తిరగదు, విప్పితే మళ్ళీ చాపుకుంటుంది. మీ దగ్గరున్న టై వెనక తిప్పి చూడండి, అతుకులు ఏటవాలుగా కనిపిస్తాయి.

మన దగ్గర మెడ మీద గుడ్డ

టై మన దేశానికి ఇంగ్లీషువాళ్ళతో వచ్చింది. 'కంఠలంగోటం' అని పెద్దలు ఎగతాళి చేసిన కాలం ఉంది. 1888లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్ళిన గాంధీ, రోజూ పెద్ద అద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకుంటూ, తల దువ్వుకుంటూ గడిపేవాణ్ణని తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇండియాలో ఉండగా అసహ్యించుకున్న టై అక్కడ ఇష్టమైందట. అదే గాంధీ 1921 సెప్టెంబరులో మధురైలో చొక్కా కూడా వదిలి కొల్లాయి కట్టారు. పేదవాడి బట్ట నా బట్ట అన్నారు. దేశమంతా చేతులెత్తి మొక్కింది.

అయితే మన వాడల్లో లెక్క వేరుగా ఉండేది. భుజం మీద కండువా వేసుకుని దొర ఇంటి ముందు నుంచి నడవడానికి మన తాతలకు వీల్లేదు. తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి, లేదా నడుముకు చుట్టుకోవాలి. చెప్పులు చేత్తో పట్టుకోవాలి. ఈ సంగతులు మేము పుస్తకాల్లో చదవకముందే తాతల నోట విన్నాం. కొల్లాయి కట్టమని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఉన్నది అదే. కాబట్టి అంబేద్కర్ కోటు, టై వేసుకోవడాన్ని ఇంగ్లీషువాడి అనుకరణ అని తీసిపారేసేవాళ్ళతో మేము ఏకీభవించం. మెడ మీద ఏ గుడ్డ ఉండాలో ఊరు నిర్ణయించే చోట, ఊరి అనుమతి అక్కరలేని గుడ్డ ఒకటి ఆయన కట్టుకున్నారు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి, 1916లో లండన్‌కు వెళ్ళి చదువుతో సంపాదించుకున్న గుడ్డ అది.

అలాగని బట్టలు మారితే అన్నీ మారతాయని ఆయన ఎన్నడూ అనుకోలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే రచనలో 1901 నాటి సంగతి ఒకటి రాశారు. తండ్రి ఉద్యోగం చేసే ఊరికి వెళ్ళడానికి చిన్న భీమ్‌రావ్, ఇంకొందరు పిల్లలు మసూరు స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు వేసుకున్నారు, కొత్త టోపీలు పెట్టుకున్నారు. స్టేషన్ మాస్టరు వాళ్ళను బ్రాహ్మణ పిల్లలనుకుని ఆప్యాయంగా పలకరించాడు. ఎవరు మీరని అడిగితే మహర్లమని పిల్లలు అమాయకంగా చెప్పారు. అతని మొహం మారిపోయింది, దూరం జరిగాడు. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి, బండి పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. బట్ట ఎంత దూరం తీసుకెళుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆయన పదేళ్ళ వయసులోనే చూశారు. చూసి కూడా కోటు వదల్లేదు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులోనూ, 2024 జనవరి 19న విజయవాడలోనూ ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహాలు కూడా ఆ వేషంలోనే ఉన్నాయి.

ఇంటర్వ్యూ గదిలో టై గురించి మా అభిప్రాయం కూడా ఇదే. టై వల్ల ఉద్యోగం రాదు. కానీ మెడ దగ్గర వేలు పెట్టి సర్దుకుంటూ కూర్చుంటే, అడిగిన ప్రశ్న సగమే వినపడుతుంది. ఎదుటివాడు చిన్నప్పుడే బడిలో ఎలాస్టిక్ టైతో మొదలుపెట్టాడు, మనం ఇరవై ఏళ్ళకు మొదలుపెడుతున్నాం. తేడా అంతే, అది ఒక సాయంత్రంలో తీరే తేడా.

ముడుల లెక్క

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకు ఒక మంచి ముచ్చట. 1999లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కావెండిష్ ప్రయోగశాలలో పనిచేసే థామస్ ఫింక్, యాంగ్ మావో అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు టై ముడుల మీద 'నేచర్' పత్రికలో వ్యాసం రాశారు. టై వెడల్పు కొసను ఎడమకు, కుడికి, మధ్యకు తిప్పడం తప్ప ముడిలో ఇంకేమీ లేదు. వరసగా రెండుసార్లు ఒకే వైపు తిప్పలేం. టై పొడవును బట్టి తొమ్మిది తిప్పుల కంటే ఎక్కువ కుదరవు. ఈ షరతులతో లెక్కిస్తే మూడు తిప్పులతో 1 ముడి, నాలుగుతో 1, ఐదుతో 3, ఆరుతో 5, ఏడుతో 11, ఎనిమిదితో 21, తొమ్మిదితో 43 వస్తాయి. మొత్తం 85. ఈ వరసను గమనించండి: ఒక సంఖ్యకు దాని ముందున్న సంఖ్య రెట్టింపు కలిపితే తరువాతి సంఖ్య వస్తుంది. 11కు 5 రెట్టింపు కలిపితే 21, 21కి 11 రెట్టింపు కలిపితే 43. ఈ 85లో జనం విరివిగా వాడుతున్నవి నాలుగే అని తేల్చి, చూడటానికి బాగుండే మరో ఆరు కొత్తవి వాళ్ళు చూపించారు. తరువాత 2014లో మరికొందరు షరతులు సడలించి లెక్కిస్తే ముడులు 1,77,147 వచ్చాయి. అది మూడును పదకొండుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య.

నాలుగు తిప్పులతో వచ్చేది ఒక్కటే ముడి అన్నాం కదా, అదే గుమాస్తాల ఫోర్ ఇన్ హ్యాండ్. ఆరు తిప్పులది హాఫ్ విండ్సర్. ఎనిమిది తిప్పులది విండ్సర్. 1936లో గద్దె వదులుకున్న ఇంగ్లండ్ రాజు, తరువాత విండ్సర్ డ్యూక్ అయిన ఎనిమిదో ఎడ్వర్డ్ పేరు దానికి పెట్టారు. తమాషా ఏమిటంటే ఆయన ఆ ముడి వేసేవాడు కాదు. దళసరి బట్టతో టై చేయించుకుని మామూలు నాలుగు తిప్పుల ముడే వేసేవాడు. లావుగా కనిపించిన ముడిని చూసి జనం ఎనిమిది తిప్పులు కనిపెట్టుకున్నారు.

టైకి చుట్టాలు ఇంకా ఉన్నారు. బో టై అంటే సీతాకోకచిలుకలా ఉండేది. తెల్లది తోక కోటుతో, నల్లది రాత్రి విందు కోటుతో కడతారు. లాయర్ల మెడలోని రెండు తెల్ల పట్టీలు కూడా ఆ పాత కాలర్ల సంతానమే. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టు, జిల్లా కోర్టు స్థాయిలో అవి తప్పనిసరి. కింది కోర్టుల్లో వాటి బదులు నల్ల టై కట్టుకోవచ్చు. లా చదివే తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలి.

కొన్ని చోట్ల టై వెనక్కు తగ్గింది కూడా. 2004లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో 42 మంది వైద్య సిబ్బంది టైలు పరీక్షిస్తే 20 టైల మీద జబ్బు తెచ్చే సూక్ష్మక్రిములు దొరికాయి. చొక్కాలా రోజూ ఉతికేది కాదు కదా. 2007లో బ్రిటన్ ఆరోగ్యశాఖ రోగుల దగ్గర పనిచేసేటప్పుడు టై వద్దంది. జపాన్‌లో 2005 నుంచి వేసవిలో ఆఫీసు ఏసీలు 28 డిగ్రీల దగ్గర పెట్టి, టైలు తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. మన ఎండలకు ఆ మాట ఎవరూ చెప్పకపోవడం ఆశ్చర్యమే. 2021 ఫిబ్రవరి 9న న్యూజిలాండ్ పార్లమెంటులో రావిరి వైటిటి అనే మావోరీ సభ్యుడు టై బదులు తమ జాతి పతకం మెడలో వేసుకుని మాట్లాడబోతే స్పీకర్ బయటికి పంపారు. టైని ఆయన వలస పాలకుల ఉరితాడుతో పోల్చారు. మరుసటి రోజే ఆ నిబంధన ఎత్తేశారు. ఒకరికి మెడ ఎత్తుకోవడానికి పనికొచ్చిన గుడ్డ ఇంకొకరికి ఉరిలా అనిపించింది. మాకు ఇద్దరి మాటా న్యాయంగానే తోస్తుంది. ఇద్దరి వాదనా తమ మెడ మీద ఏముండాలో తామే చెప్పుకోవాలనే.

కట్టే పద్ధతి

ఎదురుగా నిలబడి నేర్పితే కుడి ఎడమలు తారుమారవుతాయి. నేర్పేవాడు, నేర్చుకునేవాడు పక్కపక్కనే అద్దం ముందు నిలబడాలి. చొక్కా పై గుండీ పెట్టండి. కాలర్ పైకి లేపండి. టై మెడ చుట్టూ వేసి, వెడల్పు కొస మీ కుడి వైపు, సన్న కొస కంటే సుమారు అడుగు కిందికి ఉండేలా చూసుకోండి.

వెడల్పు కొసను సన్న కొస మీదుగా ఎడమకు తీసుకెళ్ళండి. దాని కింది నుంచి కుడికి తెండి. మళ్ళీ ముందు నుంచి ఎడమకు తిప్పండి. ఇప్పుడు మెడ దగ్గరున్న సందులోకి కింది నుంచి పైకి తీయండి. అప్పుడు ముందు అడ్డంగా పడ్డ చుట్టులో నుంచి కిందికి దించండి. సన్న కొసను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముడిని మెల్లగా పైకి జరపండి. కాలర్ దించండి. ముడి కొంచెం ఒక పక్కకు వాలినట్టు ఉంటుంది, దాని తీరే అంత. ముడి కింద వేలితో చిన్న గుంట నొక్కితే అందం.

టై కొస బెల్టు బకిల్‌ను తాకాలి. పైకి ఉంటే పొట్టిగా, కిందికి దిగితే అరువు టైలా కనిపిస్తుంది. మొదటిసారే సరిగ్గా రాదు. విప్పి, మొదట్లో పెట్టిన అడుగు తేడాను రెండంగుళాలు అటూ ఇటూ మార్చి మళ్ళీ కట్టాలి. మామూలు టై పొడవు 57, 58 అంగుళాలు. పొట్టిగా ఉన్నవాళ్ళకు బట్ట మిగిలిపోతుంది కాబట్టి వాళ్ళకు హాఫ్ విండ్సర్ మేలు, అది ఎక్కువ బట్ట తింటుంది. దానికి వెడల్పు కొసను ముందు నుంచి ఎడమకు, వెనక నుంచి కుడికి తిప్పాక, పైకెత్తి మెడ సందులోకి పై నుంచి దింపి ఎడమ పక్కకు లాగండి. ముందు నుంచి కుడికి తిప్పి, మెడ సందులో కింది నుంచి పైకి తీసి, ముందు చుట్టులో నుంచి దించండి. కాలర్ కొసలు దూరం దూరంగా ఉన్న చొక్కాకు ఈ ముడి నప్పుతుంది. దగ్గరగా ఉన్న కాలర్‌కు నాలుగు తిప్పులదే నప్పుతుంది.

కొనేటప్పుడు వెడల్పు మూడు నుంచి మూడున్నర అంగుళాలు ఉన్నది తీసుకోండి. అటు 1940లు, 1970లలో అరచేయంత వెడల్పు, ఇటు 1960లలో రిబ్బనంత సన్నం నడిచాయి కానీ ఈ కొలత ఎప్పుడూ ఎబ్బెట్టుగా ఉండదు. ముదురు నీలం, మెరూన్ రంగులు ఏ చొక్కాకైనా సరిపోతాయి. కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో దొరికే పాలిస్టర్ టై చాలు, పట్టుదే కావాలని లేదు. పోచంపల్లి ఇక్కత్ బట్టతో కుట్టిన టైలు కూడా ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక ఒకటి కొనుక్కోండి, మన నేతగాళ్ళ పని అది.

మా బ్యాచ్‌లో హాస్టల్ మొత్తానికి ఒకే టై ఉండేది. ఎవరో ఒక అన్న వేసిన ముడి విప్పకుండా, వదులు చేసి తల మీద నుంచి తీసి, మరొకరి తలకు తగిలించేవాళ్ళం. పదకొండు మంది ఇంటర్వ్యూలకు వెళ్ళింది అది. ముడి దగ్గర బట్ట నలిగి, తెల్లబడి, చివరికి లోపలి దారం తెగింది. టై వెనక మొదటి నుంచి చివరి దాకా ఒకటే పొడవాటి దారం వదులుగా కుట్టి ఉంటుంది. లాగినప్పుడు బట్ట చిరగకుండా కాపాడేది అదే. కొసన చిన్న ఉచ్చులా బయటికి కనిపిస్తే పోగు అనుకుని కత్తిరించకండి. ముడి విప్పేటప్పుడు సన్న కొస పట్టి లాగేయకుండా, కట్టిన వరసకు వెనక వరసలో విప్పాలి. నేరుగా వేడి ఇస్త్రీ పెడితే మెరుపు మరకలు పడతాయి. వదులుగా చుట్ట చుట్టి ఒక రాత్రి ఉంచితే ముడతలు చాలావరకు అవే పోతాయి.

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ తరఫున హాస్టల్‌కు ఆరు టైలు ఇస్తున్నాం. ముదురు నీలం మూడు, మెరూన్ రెండు, బూడిద రంగుది ఒకటి. లైబ్రరీ బీరువా కింది అరలో, ఈ వ్యాసం జెరాక్స్‌తో కలిపి ఉంటాయి. రిజిస్టర్‌లో పేరు, తేదీ రాసి తీసుకెళ్ళండి. తిరిగి ఇచ్చేటప్పుడు ముడి విప్పి ఇవ్వండి.